గోడమీది త్రీ నాట్ త్రీ

గజపతినగరంలో మాకు తెలిసిన మాస్టారొకరున్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినవారు. పోయిన నెలలో ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. "మా నాన్నగారి త్రీ నాట్ త్రీ గోడమీద అలాగే ఉన్నది. పాత తుపాకులంటే మీకు సరదా కదా. ఒకసారి వచ్చి చూసి, ఉంచుకోమంటారో వదిలించుకోమంటారో చెప్పండి" అని సారాంశం. ఉత్తరం అడుగున ఆయన కోడలు చేర్చిన వాక్యం ఒకటి ఉన్నది: "బాబాయిగారూ, దయచేసి వదిలించుకోమనే చెప్పండి."

వెళ్ళక తప్పింది కాదు.

స్టాంపులు పోగుచేస్తానంటే జనం మెచ్చుకుంటారు. పాత నాణేలంటే గౌరవిస్తారు. పాత తుపాకులు అనగానే మాత్రం ఎదుటివారు కుర్చీ ఒక జానెడు వెనక్కి జరుపుకుంటారు. తప్పు వారిది కాదు లెండి. నాకు ఉన్నది చూసే సరదాయే గాని కొనే స్తోమతు కాదు. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్తే మాత్రం మా ఇంటివాళ్ళు నన్ను అక్కడే వదిలేసి, గంటల గడియారం చూసుకుని తిరిగి వస్తూంటారు.

అసలు గజపతినగరం ఉన్నదే విజయనగరానికీ బొబ్బిలికీ నడుమ. సముద్రం దాటి వచ్చిన ఆయుధం ఏం చేయగలదో ఆ దారికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? 1757 జనవరి 24న బొబ్బిలి కోటమీద నిప్పులు కురిపించినవి బుస్సీ వెంట వచ్చిన ఫ్రెంచి ఫిరంగులే. 1964లో వచ్చిన సినిమా చూసినవారికి తాండ్ర పాపారాయుడి కత్తి జ్ఞాపకం ఉంటుంది. ఫిరంగులు ఎవరికీ జ్ఞాపకం ఉండవు.

మరి సైన్యం తుపాకి లెక్కల మాస్టారి గోడ ఎక్కడం ఎలాగ? 1878లో తెల్లదొరలు ఆయుధాల చట్టం చేసి, మనవాళ్ళు తుపాకి పట్టాలంటే లైసెన్సు ఉండాలన్నారు. తమకు మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నారు. రాజాలకు, పెద్ద జమీందారులకు కొందరికి దయచేశారు. అందువల్ల సీమ తుపాకులు దివాణాల్లోనే పోగుపడ్డాయి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చిన తరువాత దివాణపు సామాను తలా ఒక దారి పట్టింది. మాస్టారి తండ్రిగారు ఒక చిన్న ఎస్టేటులో గుమాస్తా. రావలసిన జీతం బాకీ కింద ఈ తుపాకి చేతికి వచ్చిందట. లైసెన్సు పుస్తకం మీద విశాఖపట్నం కలెక్టరు ముద్ర ఉన్నది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా ఆ ఊరు ఆ జిల్లాదే మరి.

తుపాకి దించారు. పాత తుపాకి చేతికిస్తే మొదట చేయవలసిన పని పొగడడం కాదు. బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే చోటు ఖాళీయా కాదా చూడడం. ఖాళీయే. గుమ్మంలో నిలబడ్డ కోడలు ఊపిరి వదిలింది.

రూపు చూస్తే అచ్చం పోలీసుల త్రీ నాట్ త్రీయే. అదే బోల్టు, అదే బరువు. కాని గొట్టం మొదట అక్షరాలు భూతద్దంతో చూస్తే .303 కాదు, .315 అని ఉన్నది! పక్కనే మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ. అది బర్మింగ్‌హాం బీయెస్సే కంపెనీ వారి గుర్తు.

దీని వెనక ఒక తమాషా ఉన్నది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సైన్యం వాడే కొలత తుపాకులను దొరతనం వారు ఈ దేశంలో మామూలు మనుషులకు నిషేధించారు. సైన్యపు తూటా దొంగిలించినా దాన్ని పేల్చే తుపాకి బయట ఉండగూడదని వారి ఎత్తు. అప్పుడు వ్యాపారులు వేరే కొలత వెతికారు. వారికి దొరికిన .315 ఏమిటంటారు? ఎనిమిది మిల్లీమీటర్ల ఆస్ట్రియా సైన్యపు తూటా! మన సైన్యానిది కాకపోతే చాలునన్నమాట. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఇషాపూరు ఫ్యాక్టరీ కూడా అదే కొలతలో, అదే లీ ఎన్‌ఫీల్డు పోలికతో తుపాకులు చేసింది. .303 ఈనాటికీ నిషిద్ధమే. అంచేత ఇన్నాళ్ళూ మాస్టారు అనుకున్నదే నిజమయితే చిక్కుల్లో పడేవారు.

కాని సంతోషం సగమే. బర్మింగ్‌హాములో 1813 నుంచీ ఒక పరీక్షాశాల ఉన్నది. అక్కడ మామూలుకన్న ఎక్కువ మందు పెట్టి పేల్చి, నిలిచిన గొట్టానికి కిరీటంతో ముద్ర వేస్తారు. సేకరించేవారికి ఆ ముద్ర, బోల్టు మీదా గొట్టం మీదా ఒకటే నంబరు ఉండడం ప్రాణం. మాస్టారి మనవడు పోయిన దసరాకు ఆయుధపూజ అని గరుకు కాగితం పెట్టి తుపాకిని తళతళలాడేట్టు తోమాడు. కిరీటం సగం పోయింది, బోల్టు నంబరు పూర్తిగా పోయింది. కుర్రవాణ్ణి ఏమనగలం? భక్తితో చేశాడు. పాత తుపాకికి కాస్త నూనె గుడ్డ చాలు, తల్లులారా. చింతపండు, ఇటుకపొడి, గరుకు కాగితం ఇత్తడి బిందెలకే ఉంచండి.

మాస్టారి తల్లిగారికి ఇది బాగా తెలిసినట్టుంది. ఆనాటి తూటాల మందు కాలితే గొట్టంలో ఒక రకం ఉప్పు మిగిలేది. చెమ్మ తగిలి తుప్పు పట్టేది. వేడినీళ్ళు పోసి కడిగితే గాని వదలదు. "నాన్నగారు వేట నుంచి వస్తే అమ్మ ముందు తుపాకికి వేడినీళ్ళు పెట్టేది, తరువాతే ఆయన స్నానానికి" అన్నారు మాస్టారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ నీళ్ళ పనీ తప్పింది. లోపల గొట్టం ఇప్పటికీ అద్దంలాగున్నది.

ఇక లైసెన్సు పుస్తకం తిరగేస్తే కరోనా గడబిడలో రెన్యువలు తప్పిపోయింది! గడువు దాటిన తుపాకిని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్లోగాని, లైసెన్సున్న దుకాణంలోగాని అప్పగించాలి. మళ్ళీ హక్కు తెచ్చుకుంటే తిరిగి ఇస్తారు, లేదా అమ్ముకోనిస్తారు. అలాగే వదిలేస్తే ప్రభుత్వపరం. పేల్చడానికి బొత్తిగా పనికిరాని, బాగుచేసినా పనికిరాని పురాతన ఆయుధాలకు మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది. మనది పేలుతుంది, అదే దాని దురదృష్టం.

"వదిలించుకోవడమేనా?" అన్నారు మాస్టారు, చెక్క నిమురుతూ.

అక్కర్లేదన్నాను. యజమానికి డెబ్బై ఏళ్ళు నిండినా, తుపాకి పాతికేళ్ళు దగ్గరున్నా, బతికుండగానే వారసుడి పేర లైసెన్సు అడగవచ్చునని 2016 నిబంధనలు చెబుతున్నాయి. మాస్టారికి రెండూ కుదిరాయి. కొడుకు హైదరాబాదులో ఉన్నాడు. ఫోను చేస్తే, "ఆలోచించి చెప్తాను నాన్నా" అన్నాడట. నేను కోడలి వైపు చూడలేదు.

మర్నాడు ఉదయం మాస్టారూ నేనూ తుపాకిని పాత దుప్పటిలో చుట్టి స్టేషనుకు తీసుకువెళ్ళాము. రైటరు నంబరు రాసుకోబోయి, బోల్టు మీద ఏమీ లేదే అన్నాడు. గొట్టం మీది నంబరు చూపించాను. రసీదు ఇచ్చాడు. మాస్టారు దాన్ని నాలుగు మడతలు పెట్టి లైసెన్సు పుస్తకంలో ఉంచుకున్నారు. ఇంటికి వచ్చేసరికి కోడలు ఆ మేకుకు క్యాలెండరు తగిలించింది. మాస్టారు చూసి, "మేకు మాత్రం పీకకమ్మా" అన్నారు.