చేపలో రెండు చెంచాలు, గ్లాసులో మూడు పెగ్గులు

మా చిన్నమామయ్యకు నా మీద కోపం వచ్చింది. కారణం చెప్తే మీరు నవ్వుతారు. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు, రెండు రోజులు అన్నం సహించలేదు.

మేం ఉండేది టోక్యోలో, నిషికసాయ్ దగ్గర. ఇక్కడ మనదేశం వాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి కందిపప్పుకీ చింతపండుకీ కరువు లేదు. మా అత్తమ్మ తొంభై రోజుల వీసా మీద వచ్చి మాతో ఉన్న రోజులవి. ఒక శనివారం సాయంత్రం చేపను ఆవిరి మీద పెడుతున్నాను. ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుని ఉల్లికాడలు తరుగుతోంది. ఫోన్ గోడకు ఆనించి ఉంది, వీడియో కాల్‌లో కరీంనగర్ నుంచి చిన్నమామయ్య. సీసాలోంచి రెండు చెంచాలు తీసి చేప ముక్కల మీద పోయడం ఆయన కంట పడింది.

"ఏందది కోడలా?"

"వంట సాకే మామయ్యా. బియ్యంతో చేస్తారు." దాచాల్సిందేముందని చెప్పేశాను.

"అంటే మందేనా? పోరగాండ్లకు మందు పోసి పెడుతున్నవా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో గ్లాసు ఉంది. ఇక్కడ రాత్రి ఏడైతే అక్కడ మధ్యాహ్నం మూడున్నర. నేను అన్నం పొయ్యి మీదికి ఎక్కించేలోపు కుటుంబం వాట్సాప్ గ్రూపులో సంగతి చేరిపోయింది. ఇద్దరు ఆడపడుచులు, ఒక తోడికోడలు వరసగా ఫోన్లు. "నిజమేనా వదినా?" అని అడిగేవాళ్లే గాని, "ఏం చేప? ఎట్లా వండావ్?" అని ఒక్కరూ అడగలేదు.

వాళ్లు అడగలేదు కాబట్టి మీకు చెప్తాను. జపాన్‌లో దీన్ని సకముషి అంటారు. సాకే పోసి ఆవిరి మీద ఉడికించడం అని అర్థం. గవ్వచేపలతోనూ చేస్తారు, తెల్లచేపలతోనూ చేస్తారు. నేను ఎక్కువగా తారా తెస్తాను, అంటే కాడ్. చేతిలో డబ్బులు ఆడినప్పుడు తాయ్ తెస్తాను. ముక్కలకు రెండు వైపులా ఉప్పు చల్లి పావుగంట వదిలేస్తే నీరు ఊరుతుంది. నీసు వాసన చాలావరకు ఆ నీళ్లలోనే ఉంటుంది, అందుకే కాగితంతో గట్టిగా అద్ది తుడిచేయాలి. ఈ పని ఎగ్గొట్టి పైనుంచి సాకే ఎంత పోసినా లాభం లేదు. పళ్లెంలో కొంబు అనే సముద్రపు నాచు ముక్క వేసి, దాని మీద చేప, పైన సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడ తెల్లభాగం, రెండు చెంచాల సాకే. నీళ్లు తెర్లాక పళ్లెం పెట్టాలి, ముందే పెట్టకూడదు. మూతకు గుడ్డ కట్టాలి, లేకపోతే ఆవిరి చుక్కలు చేప మీద పడి చప్పబడిపోతుంది. గిన్నెకు గుడ్డ కట్టి వాసెనపోలి వండిన అమ్మమ్మల మనవరాళ్లకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. ఎనిమిది నుంచి పది నిమిషాలు. దించాక నాలుగు చుక్కల సోయా సాసు, యూజు తొక్క ఉంటే యూజు, లేదంటే నిమ్మచెక్క.

ఆ పది నిమిషాలు నేను పొయ్యి దగ్గర నిలబడను. ఇది రాసి పెట్టుకోండి. మూకుడులో ముక్క విరగకుండా తిప్పాలని లేదు, నూనె చిట్లి చేతి మీద పడదు, మూడు రోజులు కర్టెన్లకు వాసన పట్టదు. పాప హోంవర్క్ పక్కన కూర్చోవచ్చు. ఆడది వంటింట్లో చెమటోడిస్తేనే దాన్ని వంట అనేవాళ్లకు ఇది వంటలా కనిపించదు. "జ్వరం కూడు, సప్పిడి కూడు" అంటారు. అననివ్వండి.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. సాకేలో ఆల్కహాల్ ఉందా? ఉంది. తాగే సాకేలో మామూలుగా 15, 16 శాతం ఉంటుంది. వంటకని అమ్మేదాన్ని ర్యోరిషు అంటారు, అందులో 13, 14 శాతం దాకా ఉంటుంది. దానికి రెండు మూడు శాతం ఉప్పు కూడా కలుపుతారు. ఎవరూ గ్లాసులో పోసుకుని తాగకుండా కలిపిన ఉప్పు అది. ఉప్పు కలిపితే మద్యం పన్ను పడదు, సోయా సాసు పక్కనే పెట్టి అమ్ముకోవచ్చు. మా ఇంట్లో ఉన్నది ఆ ఉప్పు సీసానే.

ఇక్కడ మన ఆడవాళ్లతోనే నాకొక పేచీ ఉంది. నన్ను వెనకేసుకు రాబోయిన ఒక స్నేహితురాలు గ్రూపులో, "ఉడికితే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుంది ఆంటీ, ఒక్క చుక్క మిగలదు" అని రాసింది. వంటల వీడియోల్లోనూ ఇదే మాట. అబద్ధమండీ. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం వంటలో కలిపి పావుగంట ఉడికించినా దాదాపు 40 శాతం మిగులుతుంది, గంట ఉడికిస్తే 25 శాతం. మూత పెట్టి పది నిమిషాలు ఆవిరి మీద ఉంచిన చేపలో ఇంకా ఎక్కువే మిగలొచ్చు. అబద్ధం చెప్పి నన్ను కాపాడొద్దు. నిజం చెప్పినా నేను నిలబడగలను.

లెక్క చూడండి. రెండు పెద్ద చెంచాలంటే 30 మిల్లీలీటర్లు. 14 శాతం చొప్పున అందులో ఆల్కహాల్ నాలుగు మిల్లీలీటర్ల పైచిలుకు. నలుగురం తింటాం, ఒక్క చుక్కా ఎగరలేదనుకున్నా మనిషికి ఒక మిల్లీలీటరు. మన దగ్గర విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో పాతిక మిల్లీలీటర్లు దాటుతుంది. మూడు పెగ్గులకు డెబ్బై ఏడు. నా చేపను తిట్టిన నోటితో ఆయన ఆ రోజు అన్నం వేళకు పుచ్చుకున్నది అది, నేను తక్కువలోనే వేశాను.

పిల్లలకు పోసినా ఫరవాలేదని చెప్పడానికి ఈ లెక్క వేయలేదు. పిల్లలకు నేను పోయను. వాళ్ల ముక్కలు వేరే పళ్లెంలో కొంబు నానిన నీళ్లు, అల్లంతో ఉడుకుతాయి. ఆ శనివారం కూడా అలాగే ఉడికాయి. పై అంతస్తు పళ్లెం మాది, కింది అంతస్తు పళ్లెం పిల్లలది. ఫోన్‌లోంచి పై పళ్లెం ఒక్కటే కనిపించింది. "మరి ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా" అని మా ఆయన అన్నాడు. అడిగితే చెప్పేదాన్ని. ఆయన అడగలేదు, తీర్పు చెప్పేశాడు. తన పిల్లలకు ఏం పెట్టాలో తల్లికి తెలియదన్నట్టు అరిచిన మనిషికి సంజాయిషీ ఇచ్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

మా ఇంటికి వచ్చే ఒక ముస్లిం స్నేహితురాలికీ సాకే లేకుండానే వండుతాను, వండేముందే ఆమెకు చెప్తాను కూడా. మతం వల్ల వద్దన్నా, మందు మానేసినవాళ్లు ఇంట్లో ఉండి వద్దన్నా, కడుపుతో ఉండి వద్దన్నా అది వాళ్ల ఇష్టం, తల వంచుతాను. గ్లాసు చేత్తో పట్టుకుని వద్దనేవాళ్ల దగ్గర మాత్రం వంచను.

ఇంకో సంగతి. రెండేళ్ల కింద చిన్నమామయ్య జపాన్ చూడ్డానికి వచ్చాడు. ఒక హోటల్లో తెరియాకి చికెన్ తిని, "గిది వంటంటే" అని మళ్లీ తెప్పించుకున్నాడు. తెరియాకి సాసు సాకే, మిరిన్ కలవకుండా అవ్వదు. మిరిన్‌లోనూ 14 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. హోటల్లో మగవాడు వండితే రుచి, ఇంట్లో కోడలు పోస్తే పాపం. వనిల్లా ఎక్స్‌ట్రాక్ట్‌లో అమెరికా లెక్కల ప్రకారం కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి, పుట్టినరోజు కేకు దగ్గర ఎవరూ నోరెత్తరు. జలుబు చేస్తే పిల్లల నాలుక మీద వేసే హోమియో చుక్కలు కూడా ఆల్కహాల్‌లో కలిపినవే. ఇక బోనాలు! అమ్మవారికి సాక పోస్తాం, కల్లు సాక కూడా పోస్తాం. సాకే పేరు మొదటిసారి విన్నప్పుడు మా అత్తమ్మ "సాకనా?" అని చేతులు జోడించబోయింది, ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

మన పులుసు నాకు చిన్నచూపు అనుకునేరు. మృగశిర కార్తె వస్తే కొరమీను పులుసు లేకుండా మా ఇంట్లో ముద్ద దిగదు. చెరువు చేపకు ఉండే బురద వాసన జియోస్మిన్ అనే పదార్థం వల్ల, అది పులుపు తగిలితే విరిగిపోతుంది. చింతపండు పోసిన మన ముసలమ్మలకు ఆ పేరు తెలియదు, పని తెలుసు. సముద్రపు చేప నీసు వేరు, దాన్ని అల్లమూ సాకే పట్టుకుంటాయి. ఆవిరవుతూ ఆల్కహాల్ ఆ వాసనను కొంత తనతో తీసుకుపోతుంది. బొచ్చెను తెచ్చి సకముషి చేస్తే నేనే తినను. ఏ చేపకు ఏ మందు అన్నది వంట మనిషికి తెలిసిన సంగతి, ఫోన్‌లో తొంగి చూసేవాళ్లకు కాదు.

ఇంత రాశాక, రాయాలా వద్దా అని రెండు వారాలు ఆగిన మాట ఒకటుంది. అత్తమ్మను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

ఆ రాత్రి గ్రూపులో అందరూ నన్ను తిడుతున్నప్పుడు అత్తమ్మ ఒక్క మాటా అనలేదు. నా తరఫునా అనలేదు. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. గిన్నెలు తోముతుంటే వెనక వచ్చి నిలబడి, "ఆ సీస జర కండ్లకు కనపడకుండ పెట్టు బిడ్డా. మూత తీస్తే ఆ వాసనకు నాకు కడుపుల తిప్పుతది" అంది. మా మామయ్య తాగుడు సంగతి నాకు తెలుసు, పోయింది కూడా దానితోనే. ఆయన జీతం రోజున ఆమె పిల్లలను వెంటేసుకుని పక్కింట్లో పడుకునేదని మాత్రం ఆ రాత్రే తెలిసింది. "ఎవలు పోసేటోళ్లు అనుకున్నవు? రోజూ వచ్చి కూసునేటోడు" అంది. పేరు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు.

వద్దనే హక్కు ఆ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఆమెకు ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆమె పక్కనే కూర్చుని ఉల్లికాడలు తరుగుతుంటే ఆ సీసా మూత తీశాను. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. పిల్లలకు మందు పోస్తున్నానని అరిచిన ఆయనకు ముప్పై ఏళ్లు ఆ పిల్లల నాయనమ్మ గుర్తు రాలేదు. మన ఇళ్లల్లో మందు గురించి ధర్మం మాట్లాడేది ఎప్పుడూ తాగినవాళ్లే ఎందుకవుతారో, భరించినవాళ్లు ఉల్లికాడలు తరుగుతూ ఎందుకు ఉండిపోతారో నన్నడగకండి, మీ మీ ఇళ్లల్లో అడగండి.

గ్రూపులో నేను ఒక్కటే మెసేజ్ పెట్టాను. పైన వేసిన లెక్కే. ముప్పై మిల్లీలీటర్లు ఒక పక్క, మూడు పెగ్గులు ఒక పక్క. కింద, "పిల్లలకు వేరే పళ్లెం ఉంది, అడిగితే చూపించేదాన్ని" అని రాశాను. చిన్నమామయ్య గ్రూపులోంచి వెళ్లిపోయాడు. వారానికి మళ్లీ చేరాడు, గుడ్ మార్నింగ్ పూలు పెడుతున్నాడు. క్షమాపణ చెప్పమని మా ఆయన మీద ఒత్తిడి వచ్చింది. ఆయన చెప్పలేదు, నన్నూ చెప్పమనలేదు. ఈ పెళ్లిలో నాకు బాగా నచ్చిన రోజుల్లో అదొకటి.

అత్తమ్మ ఉన్నన్నాళ్లూ సీసా బాల్కనీ అలమరలో ఉంది. ఆ రోజుల్లో చేపకు సాకే మానేశాను. ఉప్పు వేసి తుడవడం, అల్లం, కొంబు, చివర్లో నిమ్మకాయ. సాకేతో వచ్చే ఆ సన్నటి తీపి రాలేదు, రాలేదనే చెప్తాను. అయినా బాగానే కుదిరింది, ఆమె రెండు ముక్కలు అడిగి వేయించుకునేది. ఆమె విమానం ఎక్కిన మర్నాడు సీసా మళ్లీ వంటింట్లోకి వచ్చింది.

పోయిన ఆదివారం ఫోన్ చేసింది. కరీంనగర్‌లో పండుగప్ప దొరికిందట. ఇడ్లీపాత్రలో గుంతల రేకులు తీసేసి, స్టీలు పళ్లెం పెట్టి, మూతకు పాత చీర ముక్క కట్టి ఉడికించిందట. "నీ సాక లేకున్న మంచిగనే అయింది గని, అల్లం జర ఎక్కువైంది" అంది. కొత్తిమీర కాడలు కూడా వేసిందట. వచ్చే వారం నేనూ వేసి చూస్తాను.