కారే ప్రతి గ్యాస్ లైనుకూ గడువు పెట్టాలి

కోనసీమ, గోదావరి జిల్లాల పైపులైన్ గ్రామాల ప్రజలకు, ప్రజాప్రతినిధులకు, గ్యాస్ నియంత్రణ మండలికి విజ్ఞప్తి



2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాస్ పైపులైన్ నుంచి మంటలు లేచాయి. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్ళే 18 అంగుళాల లైను అది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, దుకాణాలు, కొబ్బరిచెట్లు మాడి మసైపోయాయి. టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. విన్నవాళ్ళలో చాలామందికి ఆ పొయ్యి మాటే గుర్తుండిపోయింది. తెల్లారితే ఏ టీ కొట్టయినా పొయ్యి వెలిగిస్తుంది, అందులో తప్పేముంది? ఆ పొయ్యి వెలిగేసరికే గ్యాస్ ఊరి మీద పరుచుకుని ఉంది. అడగాల్సింది దాని గురించి.

ఆ లైనును తేమ లేని పొడి గ్యాస్ కోసం వేశారు. అందులో పంపింది మాత్రం నీరు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాస్. గ్యాస్‌లో ఉండే కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగితే ఆమ్లమవుతుంది. గొట్టం పల్లంగా ఉన్న చోటల్లా ఆమ్లపు నీరు నిలిచి, ఇనుమును లోపలి నుంచి తినేస్తుంది. పైన పూత బాగానే ఉంటుంది, మట్టీ కదలదు, గట్టు మీద నడిచేవాడికి ఏమీ కనిపించదు. ఉక్కు గొట్టానికి చిల్లు పడాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ఎవరో ఒకరు లోపల కొలిచి చూసి ఉంటే తెలిసేది, తెలిశాక ఆపి ఉంటే ఆ ఊరు కాలేది కాదు.

1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. ఆ మంట ఎన్నో ఊళ్ళకు కనిపించింది, దేశమంతా మాట్లాడుకుంది. పైపులైన్ లీకు అలాంటిది కాదు. వరిచేలో నిలిచిన నీళ్ళలో బుడగలు లేస్తాయి. కాలువగట్టున ఓ చోట గడ్డి కారణం లేకుండా పసుపెక్కి ఎండిపోతుంది. చెవి పెట్టి వింటే సన్నగా చప్పుడొస్తుంది. ఒక్కోసారి అదీ ఉండదు. వంటింటి గ్యాస్‌కు వాసన ఉంటుంది కాబట్టి పైపులో పోయే గ్యాస్‌కూ ఉంటుందని మనం అనుకుంటాం. సహజవాయువులో ముప్పాతిక పైన ఉండే మీథేన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ఇళ్ళకిచ్చే గ్యాస్‌లో లీకైతే తెలియాలని మెర్‌కాప్టాన్ అనే వాసన మందు కలుపుతారు. దూరప్రాంతాలకు పోయే పెద్ద లైన్లలో మామూలుగా అది కలపరు. అంటే ఎక్కువ ఒత్తిడితో, ఎక్కువ గ్యాస్ మోసే గొట్టం పక్కన బతికేవాళ్ళకే ముక్కు కూడా సాయం చేయదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చాలు, నిప్పురవ్వ తగలగానే పేలుతుంది.

కంట్రోల్ రూములో కంప్యూటర్లున్నాయి, ఒత్తిడి తగ్గితే వెంటనే తెలిసిపోతుందని కంపెనీల వాళ్ళు చెబుతారు. లైను తెగిపోతే తెలుస్తుంది, నిజమే. కానీ లైనులో పోయే గ్యాస్‌లో నూటికి ఒక వంతు కన్నా తక్కువ కారుతుంటే ఆ తెర మీద మామూలుగా ఏమీ కనిపించదు. మీటర్లలో ఉండే తేడాలోనే అది కలిసిపోతుంది. ఎక్కించిన గ్యాస్‌కూ దించిన గ్యాస్‌కూ మధ్య తేడాను ‘లెక్కకు అందని గ్యాస్’ అనే పద్దు కింద రాసుకుంటారు. అందులో మీటరు తప్పెంతో, గాలిలో కలిసిందెంతో విడదీసి ప్రజలకు చెప్పే ఏర్పాటు లేదు. ఇలా ఏ తెర మీదా కనిపించని లీకుల గురించే ఈ కరపత్రం.

మన ప్రాణాలకు ముప్పు అని మాత్రమే కాదు, ఇంకో కారణం కూడా ఉంది. మంట అంటుకోకుండా పైకి పోయిన మీథేన్ మాయమైపోదు. సుమారు 12 ఏళ్ళు గాలిలో ఉంటుంది. 20 ఏళ్ళ లెక్కలో చూస్తే ఒక టన్ను మీథేన్ భూమిని వేడెక్కించేది 80 టన్నుల పైబడిన కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి పెరిగిన వేడిలో దాదాపు మూడో వంతు మీథేన్ వల్లనే. ఈ సంగతి ఎక్కడో ధ్రువప్రాంతాలకు సంబంధించింది అనుకోకండి. ఉప్పాడలో సముద్రం ఇళ్ళను కోసుకుపోతోంది. ఆ కోతకు కారణాలు చాలా ఉన్నాయి, నదులు తెచ్చే మట్టి తగ్గడం వాటిలో పెద్దది. పెరుగుతున్న సముద్రమట్టం వాటికి తోడవుతోంది. డెల్టా కొసన ఉన్న మనకు అర అడుగు తేడా కూడా పెద్దదే. బొగ్గు కన్నా గ్యాస్ శుభ్రమైనదని ప్రభుత్వాలు చెప్పే మాట దారిలో కారనంతవరకే నిజం. కారడం పెరిగేకొద్దీ ఆ లాభం కరిగిపోతుంది.

డబ్బు లెక్కన చూసినా అంతే. ఒక టన్ను గ్యాస్ కారిపోయిందంటే, బరువులో చూస్తే, ఇంటికొచ్చే 14.2 కిలోల సిలిండర్లు 70 గాలిలో వదిలేసినట్టు. దేశం విదేశాల నుంచి ఓడల్లో గ్యాస్ కొంటున్న రోజుల్లో మన భూమిలోంచి తీసిన గ్యాస్‌ను మన పొలాల మీద వదిలేస్తున్నాం.

అందరూ మరిచిపోయే విషయం ఒకటుంది. గొట్టం వేసిన భూమి మనది. 1962 నాటి పైపులైన్ చట్టం ప్రకారం కంపెనీకి వచ్చేది వాడుకునే హక్కు మాత్రమే, పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. అయితే గొట్టం పోయే ఆ పట్టీ మీద రైతు ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి మీద బతికే కోనసీమలో చెట్టు నాటకూడదన్న షరతు ఎంత బరువైందో వేరే చెప్పాలా? ఇందుకు పరిహారంగా భూమి విలువలో పదో వంతు ఇస్తారు. సరే, దేశానికి గ్యాస్ కావాలి కనుక ఒప్పుకున్నాం. అదే భూమి కింద గొట్టం ఎలా ఉందో, చివరిసారి ఎప్పుడు పరీక్షించారో, ఎక్కడ తుప్పు పట్టిందో, ఎక్కడ క్లాంపు బిగించి ఊరుకున్నారో ఆ రైతుకు చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. కాగితం మీద కట్టుబాట్లన్నీ ఒక వైపే ఉన్నాయి.

నిబంధనలే లేవని మేం అనడం లేదు. 2006 చట్టం కింద పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి ఏర్పడింది. పైపులైన్ల భద్రతా ప్రమాణాలను 2009లో, గొట్టాల ఆరోగ్యాన్ని క్రమంగా పరీక్షించే విధానాన్ని 2012లో తెచ్చింది. తుప్పు పట్టకుండా గొట్టానికి విద్యుత్ రక్షణ, లోపల కొలతలు తీసే ‘పిగ్’ యంత్రాలు, మధ్యమధ్య మూసే వాల్వులు అన్నీ అందులో ఉన్నాయి. కానీ వాటి చూపంతా పేలుడు మీదే. పేలే ప్రమాదం లేదనిపించిన లీకు ‘గమనిస్తున్నాం’ అనే మాట కింద ఎంతకాలమైనా ఉండిపోవచ్చు. ఈ రోజు పొలంలో ఉన్న లీకు పక్కన రేపు ఇల్లు లేస్తుంది, రొయ్యల చెరువు మోటారు షెడ్డు లేస్తుంది. కాబట్టి ప్రమాదకరమైన లీకు, ప్రమాదం లేని లీకు అన్న విభజనే మారాలి. ఇళ్ళ దగ్గరి లీకును అదే రోజు గ్యాస్ ఆపి మూయాలి. మిగతా ఏ లీకునైనా, ఎంత చిన్నదైనా, 30 రోజుల్లో మూయాలి. లైను ఆపితే తప్ప కుదరదంటే ఎందుకు, ఎప్పటికి అన్నది తేదీతో రాసి మండలికీ పంచాయతీకీ ఇవ్వాలి. క్లాంపు వేస్తే అది తాత్కాలికమేనని, శాశ్వత మరమ్మతు ఫలానా రోజుకని రాయాలి.

ఇది కొత్తగా మనం కనిపెట్టిన కోరిక కాదు. అమెరికా 2020లో చేసిన పైపులైన్ భద్రతా చట్టంలో కంపెనీలు గ్యాస్ గాలిలో కలవకుండా తగ్గించే ప్రణాళికలు రాయాలని, లీకయ్యే స్వభావమున్న గొట్టాలను మార్చే పద్ధతి చూపాలని పెట్టింది. ఐరోపా సమాఖ్య 2024లో మీథేన్ మీదే ప్రత్యేక నిబంధన తెచ్చి, గడువుల ప్రకారం లీకులు వెతికి మూయాలని చెప్పింది. 2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గిస్తామని 2021లో గ్లాస్గోలో మొదలైన అంతర్జాతీయ ప్రతిజ్ఞలో మన దేశం చేరలేదు. వరి, పశువుల మీద రైతులకు భారం పడుతుందన్నది అందుకు చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి, అది కొట్టిపారేయలేని కారణం. అయితే ఉక్కు గొట్టానికి ఆకలి లేదు, ఆవుకున్న అవసరం లేదు. రైతును ముట్టుకోకుండా తగ్గించగల మీథేన్ గ్యాస్ లైన్లలో ఉంది. అక్కడి నుంచే మొదలుపెట్టమంటున్నాం.

మరమ్మతుకు లైను ఆపినప్పుడు లోపలున్న గ్యాస్‌ను పొగగొట్టం ద్వారా ఆకాశంలోకి వదిలేయడం కూడా మానాలి. పక్క సెక్షన్‌లోకి ఒత్తిడి దించుకోవచ్చు, తరలించే కంప్రెసర్లతో లాక్కోవచ్చు. ఏదీ కుదరనప్పుడు కాల్చేయడం నయం, వదిలేయడం కన్నా.

ఎండలో వానలో లైను వెంట నడిచే లైన్ వాకర్లను మీరూ చూస్తుంటారు. చాలామంది కాంట్రాక్టు మనుషులు. ఒక కర్ర, ఒక జాకెట్, ఒక పుస్తకంతో నడుస్తారు. దూరం నుంచే మీథేన్‌ను పసిగట్టే చేతి లేజరు పరికరాలు బజారులో ఉన్నాయి. అవి వాళ్ళ చేతికివ్వాలి. లీకు రాసిన వాకర్‌ను ‘పని పెంచావు’ అని కసిరే సూపర్‌వైజరు ఉన్నంతకాలం ఏ నిబంధనా పని చేయదు గనుక, వాకర్ రాసిన ప్రతి లీకూ నేరుగా మండలి రిజిస్టరులో చేరాలి.

ఇక తనిఖీ ఎవరిది? చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తుంది. ఓఎన్జీసీ, గెయిల్ సంస్థల్లో ప్రభుత్వ వాటాను చూసేది కూడా అదే శాఖ. యజమానీ తనిఖీదారూ ఒకే కప్పు కింద ఉండటం మంచిది కాదు, అందులోని అధికారులు ఎంత నిజాయితీపరులైనా సరే. భద్రతా తనిఖీ పూర్తిగా నియంత్రణ మండలికి రావాలి, దానికి సొంత ఇన్‌స్పెక్టర్లు ఉండాలి, వాళ్ళు చెప్పకుండా రావాలి. మండలి ఆదేశాలను ఉల్లంఘిస్తే కోటి రూపాయల వరకు, ఆ తర్వాత రోజుకు 10 లక్షల వరకు జరిమానా వేసే అధికారం 2006 చట్టంలోని 28వ సెక్షన్‌లో ఇప్పటికే ఉంది. లీకు గడువును మండలి ఆదేశంగా మారిస్తే చాలు, ఆ సెక్షన్ దానంతటదే వర్తిస్తుంది. పార్లమెంటులో కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు.

మన వైపు నుంచీ చేయాల్సింది ఉంది. లైను మార్కర్లు పీకి పక్కన పడేయడం, అడగకుండా జేసీబీ పెట్టడం, రాత్రికి రాత్రి బోరు వేయడం మన ఊళ్ళలో జరుగుతున్నాయి. తవ్వే ముందు తెలియజేయడానికి 2023లో కేంద్రం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. రోడ్డు కాంట్రాక్టరైనా, కేబుల్ వేసేవాళ్ళైనా ఆ యాప్‌లో తెలియజేసినట్టు చూపనిదే తవ్వనివ్వకండి.

వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టించండి: మా గ్రామం మీదుగా పోయే ప్రతి గ్యాస్ లైనులో కనుగొన్న ప్రతి లీకు వివరం, అంటే చోటు, తేదీ, మూసిన తేదీ, పోయిన గ్యాస్ ఎన్ని కిలోలు అన్న అంచనా, మూడు నెలలకొకసారి పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. తీర్మానం నకలు కలెక్టరుకు, ఎంపీకి, ఢిల్లీలోని నియంత్రణ మండలికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. గెయిల్, ఓఎన్జీసీ ప్రభుత్వ రంగ సంస్థలు కాబట్టి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ ఊరి లైను లోపల పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది, అందులో గోడ మందం ఎక్కడ ఎంత తగ్గింది అని అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. దరఖాస్తులో ఆ మాట తప్పకుండా రాయండి. ప్రైవేటు లైను అయితే అదే ప్రశ్న నియంత్రణ మండలిని అడగండి. నీళ్ళలో బుడగలు కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీయడానికి దగ్గరికి వెళ్ళొద్దు. దూరంగా వచ్చి, మోటార్లు, పొయ్యిలు ఆపించి, మార్కరు రాయి మీదున్న నంబరుకు ఫోన్ చేయండి. చేసిన సమయం, మాట్లాడిన మనిషి పేరు ఒక పుస్తకంలో రాసి పెట్టండి. నగరం గ్రామంలో జరిగినలాంటిది మళ్ళీ జరిగితే ‘మాకెవరూ చెప్పలేదు’ అనే మాట ఏ కార్యాలయం నుంచీ రాకుండా ఆ పుస్తకం పంచాయతీలో ఉండాలి.