జలగర్భ పురావస్తువులు: తావే సాక్ష్యం

స్కూబా సాధనాలతో సరస్సులలో మునిగేవారికి అప్పుడప్పుడు ప్రాచీన వస్తువులు కంటబడుతుంటాయి. వాటిని పైకి తీయడమే చరిత్రకు సేవ అన్న భావన సమంజసం కాదు.

దక్షిణ అమెరికాలోని టిటికాకా సరస్సు ఇందుకు నిదర్శనం. అక్కడ సూర్యద్వీపం సమీపాన నీట మునిగిన ఖోవా రాతిదిబ్బపై 1977లో ఔత్సాహికులు కొన్ని పురావస్తువులను కనుగొన్నారు. 2013లో పురాతత్త్వజ్ఞులు అదే చోట శాస్త్రీయంగా తవ్వగా బంగారు ఆభరణాలు, ప్యూమా ఆకృతిగల ధూపపాత్రలు, సముద్రపు ఆల్చిప్పలు, లేత లామాల ఎముకలు, వాటి చెంతనే రాతి లంగర్లు బయల్పడ్డాయి. ఇవి క్రీ.శ. 8-10 శతాబ్దాల నాటివి. బంగారాన్ని ఆశించేవారు పలువురు. రాతి లంగరును ఆశించేవారు లేరు. అయినను, తివనాకు ప్రజలు పడవలపై నుండి ఈ నివేదనలను నీటికి సమర్పించి ఉంటారన్న ఊహకు ఆధారమైనది ఆ లంగరే.

పత్రసంఖ్య గుర్తింపక తాళపత్రపు కట్టనుండి లాగిన ఒంటి ఆకు ఎట్టిదో, తావు నమోదు కాక తీసిన వస్తువూ అట్టిదే. ఆకును గ్రంథంలో తిరిగి చేర్చవచ్చు. చెదిరిన అడుగుమట్టి పొరలను తిరిగి పేర్చలేము. వదిలిన వస్తువు దొంగల పాలగునన్న భయం నిరాధారం కాదు. అందుకు తగిన ఉపాయం త్వరగా తెలుపుటే కాని, త్వరగా తీయుట కాదు. చూచినవారు ముట్టక, చోటు గుర్తించి, ఛాయాచిత్రం తీసి, పురావస్తు శాఖకు తెలియజేయుట ఉచితం.