వెన్నుకు గీత గీయకండి

గోల్ఫ్ మీద మనసుపడ్డ మా అక్క కొడుకును నెల్లూరు నుంచి చెన్నైకి పంపించాం. మొన్న అక్కడి శిక్షకుడొకాయన వాడి వీడియోను సెల్‌ఫోన్‌లో ఆపి, మెడ నుంచి తుంటి దాకా ఎర్రగీత గీసి, "వెన్ను కోణం నిలవడం లేదు, భుజాలు 90 డిగ్రీలు తిరగడం లేదు, ఈ ఒంటికి ఈ ఆట రాదు" అని తేల్చేశాడు. ఎదిగే పిల్లవాడి మొహం మీద అనాల్సిన మాటేనా? ఆ ఒక్కడితో పోయేదైతే ఊరుకుందును. ఇవాళ గోల్ఫ్ నేర్పేవాళ్లలో చాలామందికి ఆ ఎర్రగీతే వేదం.

వెన్ను కోణం మారకూడదన్నది అసలే తప్పు. కుడిచేతి వాటం ఆటగాడు బంతి ముందు తుంటి దగ్గర ముందుకు వంగి నిలబడతాడు. కర్ర మీద కుడిచెయ్యి ఎడమచేతికన్నా కిందుగా ఉంటుంది కాబట్టి కుడి భుజం అప్పటికే కాస్త దిగి ఉంటుంది. కర్ర వెనక్కెత్తుతూ ఛాతీ తిప్పితే ఆ ముందు వంపు సడలి ఎడమ పక్క వంపుగా మారాలి. అప్పుడే తల ఉన్నచోట ఉండి, ఎడమ భుజం గడ్డం కిందికి వస్తుంది. బంతికి దెబ్బ తగిలే క్షణానికి వంపు కుడిపక్కకు వెళ్లిపోతుంది, కుడి భుజం ఎడమదానికన్నా కిందికి దిగుతుంది. రెండు సెకన్లు పట్టని ఊపులో వెన్ను ఇన్ని రకాలుగా వంగుతుంటే, వెనకనుంచి తీసిన వీడియోలో మాత్రం కదలనట్టు కనబడుతుంది. అది చూసి "వెన్ను బిగించు" అంటే పిల్లవాడు నిజంగానే బిగిస్తాడు. బిగిసిన ఒళ్లు తిరగదు. తిరగనిదాన్ని బలవంతాన తిప్పితే నొప్పి నడుముకు చుట్టుకుంటుంది. గోల్ఫ్ ఆడేవాళ్లను ఎక్కువగా బాధపెట్టేది నడుమే. టైగర్ వుడ్స్ అంతటివాడు 2017లో వెన్నుపూసలు అతికించుకునే ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది.

దెబ్బ కొట్టేటప్పుడు తుంటి బంతివైపు తోసుకొచ్చి లేచిపోతే గురి తప్పుతుందంటారు. తప్పుతుంది. ఆ మాట చెప్పడానికి గీత దేనికి?

వెన్ను గురించి మాట్లాడేవాళ్లు ముందు సాహిత్ తీగల ఆట చూడాలి. తెలుగు తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన ఈ కుర్రాడికి స్కోలియోసిస్ ఉంది. అంటే వెన్నెముక పక్కకు వంగి, పూసలు మెలితిరిగి ఉంటాయి. ఆ వెన్నుతోనే, పుస్తకాల్లో లేని ఊపుతోనే 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ పురస్కారాలు మూడూ గెలుచుకున్నాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2024లో ప్రెసిడెంట్స్ కప్‌కు అమెరికా జట్టులో ఆడాడు. అదే ఏడాది టూర్ ఛాంపియన్‌షిప్‌లో, బంకర్ అనే ఇసుక గుంటలో బంతిని కొట్టకముందే కర్ర ఇసుకకు తగిలిందని తనంతట తనే చెప్పి రెండు స్ట్రోకుల శిక్ష వేయించుకున్నాడు. అయినా మూడో స్థానంలో నిలిచాడు. ఆ నిజాయితీ ఏ వీడియో గీతకు అందుతుంది? ఇలాంటివాడు పన్నెండేళ్లప్పుడు మన శిక్షకుల చేతికి చిక్కి ఉంటే? తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. ఊపు చూసి జనం వింతపడ్డ జిమ్ ఫ్యూరిక్ 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండు 58 స్ట్రోకుల్లో ముగించాడు. పీజీఏ టూర్‌లో అంతకన్నా తక్కువ ఎవరూ కొట్టలేదు.

ఒంటిని బట్టి నేర్పడం ఎలాగో తెలియాలంటే మా నెల్లూరు దగ్గరి మైపాడు ఒడ్డున విసురువల వేసేవాణ్ణి చూడండి. తాడు కొస మణికట్టుకు చుట్టుకుని, వలలో కొంత మోచేతికి వేసుకుని, సీసపు గుళ్ల అంచును రెండో చేత్తో పట్టి, మోకాళ్లు వంచి, నడుం మెలితిప్పి విసురుతాడు. పొట్టివాడు ఒకలా తిరుగుతాడు, పొడుగువాడు ఇంకోలా తిరుగుతాడు. కొడుక్కి నేర్పే తండ్రి వల గుండ్రంగా విచ్చుకుందా లేదా అన్నదే చూస్తాడు. భుజం ఎన్ని డిగ్రీలు తిరిగిందని ఏ తండ్రీ కొలవడు. ఆ తీరంలో తరాలుగా నడుస్తున్న ఈ బుద్ధి, వేలకువేలు ఫీజు పుచ్చుకునేవాళ్లకు లేకపోయింది.

ఈ గీతల పిచ్చి ఎక్కడిది? గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ 1957లో తన పుస్తకంలో బంతి నుంచి భుజాల మీదుగా వాలిన గాజుపలకను ఊహించుకోమన్నాడు. అది ఆయన ఒంటికి ఆయన కుదుర్చుకున్న కొలత. 1992లో గోల్ఫ్ శిక్షకుడు జిమ్ మెక్లీన్ భుజాల తిప్పుకూ తుంటి తిప్పుకూ మధ్య తేడా లెక్క తెచ్చాడు. ఇక అంకెల వెర్రి నేర్పేవాళ్ల తలకెక్కింది. ఆ అంకెలు ఎవరి ఒంటివో అడిగేవాడు లేడు.

మరేం చేయాలి? ముందు పిల్లవాణ్ణి కర్ర లేకుండా నిలబెట్టి నడుం ఎంత తిరుగుతుందో, భుజం ఎంత లేస్తుందో చూడండి. వెన్ను వంకరగా అనిపిస్తే డాక్టరుకు చూపించమనండి. తర్వాత బంతి ఎటు పోతోందో చూసి, ఆ ఒంటికి తగ్గట్టు దిద్దండి. ఇంకా ఎలా అన్నది ఒక్కో పిల్లవాడి దగ్గర ఒక్కోలా తేలుతుంది. ఆ ఓపిక లేనివాడికి ఏ పిల్లవాణ్ణీ ఆటకు పనికిరాడనే హక్కు లేదు.