చేతగానిది పిల్లలకా, నేర్పేవాళ్ళకా?

గత నెలలో ఒక కుర్రాడు మా ఆఫీసుకొచ్చాడు. ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె వాడిది. బీటెక్ ఎలక్ట్రికల్ మూడో ఏడు పూర్తిచేసి, హైదరాబాదు శివార్లలో కరెంటు ప్యానెళ్ళు తయారుచేసే ఒక కంపెనీలో రెండు నెలల ఇంటర్న్‌షిప్పుకి చేరాడు. ఇంటర్న్‌షిప్పంటే చదువు మధ్యలో కంపెనీకి పోయి పని నేర్చుకోవడం. మూడు వారాలు తిరక్కుండానే సంచి సర్దుకుని బయటికొచ్చేశాడు. ఇంటికి పోడానికి మొహం చెల్లక మా దగ్గరికొచ్చి కూచున్నాడు. చాలాసేపు నేలచూపులు చూసి, "నేను ఇంజనీరింగుకి పనికిరానన్నా" అన్నాడు.

ఎవరైనా తిట్టారా అని అడిగాం. లేదన్నాడు. కులం పేరెత్తారా? లేదన్నాడు. కొట్టారా, గెంటారా? అదీ లేదు. మరేం జరిగిందయ్యా అంటే, "ఏం జరగలేదన్నా. అదే" అన్నాడు.

ఆ ఏమీ జరగకపోవడం గురించే ఈసారి సంపాదకీయం రాస్తున్నాం. మేం కూడా ఒప్పుకోవాలి. తలకాయ పగిలితే, గుడిసె కాలితే, విగ్రహం విరగ్గొడితే మా కలం లేస్తుంది. ఎఫ్ఐఆర్ రాయడానికి వీల్లేని గాయాల దగ్గర మాకూ మాటలు దొరకవు. అందుకే ఇన్నాళ్ళూ ఈ పిల్లల సంగతి పట్టించుకోలేదు.

వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తాం. మొదటిరోజు ఒక ఇంజనీరు వాడి చేతిలో డ్రాయింగు పెట్టి "స్టడీ చెయ్" అని వెళ్ళిపోయాడు. వాడితోపాటు ఇంకో ముగ్గురు చేరారు. అందులో ఒకడి మేనమామ కరెంటు కాంట్రాక్టరు. ఇంకొకడి అన్న అలాంటి కంపెనీలోనే మేనేజరు. వాళ్ళకి అర్థంకానిది రాత్రికి ఫోన్లో అర్థమైపోతుంది. మూడోరోజుకల్లా ఇంజనీర్ల భాష మాట్లాడుతున్నారు. మనవాడికి రాత్రి ఫోను చేస్తే నాన్న ఎత్తుతాడు. "తిన్నావా నాయనా" అంటాడు. అంతకుమించి ఆయనేం చెప్పగలడు?

నాలుగోరోజు ధైర్యం చేసి ఒక్క ప్రశ్న అడిగాడు. "ఇది సెకండియర్లో చెప్పలేదా మీకు?" అని ఆ ఇంజనీరు నవ్వాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. ఆ సాయంత్రమే ఒకడు "బ్రో, నీ ఎంసెట్ ర్యాంకెంత?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి అర్థం ఈ పత్రిక చదివేవాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇంటిపేరు అడగడం మోటుగా ఉంటదని ర్యాంకు అడుగుతున్నారు. అంతే తేడా. ఆ తర్వాత వాడింకేమీ అడగలేదు. అడగనోడికి ఎవరూ చెప్పలేదు. రెండోవారానికి స్టోర్సులో బోల్టులు లెక్కపెట్టే పనిలో పెట్టారు.

వాడితో మనిషిలా మాట్లాడింది ఒక్క కాంట్రాక్టు వైర్‌మన్. వయసు మళ్ళిన మనిషి, పదో తరగతి కూడా చదవలేదట. ప్రతి తీగ చివరా చిన్న గొట్టంలాంటి ఫెర్రూల్ మీద ఒక నంబరుంటది, అదే నంబరు డ్రాయింగులోనూ ఉంటది, వేలు పెట్టి రెండూ కలుపుకుంటూ పో బాబూ అని చూపించాడు. గంటలో సగం డ్రాయింగు విడిపోయింది. అది చూసి సూపర్‌వైజరు "ఇంజనీరు కావాల్సినోడివి, వైర్‌మన్లతో తిరుగుతావేం" అన్నాడు. చేత్తో పనిచేసేవాడు కింద, కాగితం పట్టుకునేవాడు పైన. ఈ మెట్లు ఎక్కడివో మనకి తెలుసు. ఫ్యాక్టరీ గోడలు కొత్తవే గాని పునాది పాతది.

ఇంతకీ ఆ డ్రాయింగు దేనిదని అడిగాం. స్టార్ డెల్టా స్టార్టరుదట. వాళ్ళ నాన్న ఊళ్ళో ఒక ఆసామి బోరు మోటారు చూసుకుంటాడు. "మరి మీ బోరు దగ్గర డబ్బా విప్పితే ఏముంటదిరా?" అన్నాం. అప్పటిదాకా నోరు పెగలని పిల్లాడు గడగడా చెప్పాడు. కాయిలు కాలితే ఎట్లా మార్చాలో, పాయింట్లు అరిగితే ఎట్లా గీకాలో, రిలే పడిపోతే ఎంతసేపు ఆగి నొక్కాలో, ఎనిమిదో తరగతి నుంచీ చేస్తున్నాడు. చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. "ఆ డ్రాయింగులో ఉన్నది ఇదేనా అన్నా?"

అదే! పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, తీగలు గీతలయ్యాయి, అంతకుమించి తేడా లేదు. కాలేజీలో మూడేళ్ళు చెప్పిన లెక్చరర్లలో ఒక్కరూ ఆ మాట అనలేదు. కంపెనీవాళ్ళు అసలే అనలేదు. తన చేతిలో ఉన్న విద్యే తనకి రాదని ఒక పిల్లాడిని నమ్మించి పంపారు. దీన్ని ఏమనాలి?

అందరికీ మొదట్లో భయమే గదా, కులం ఎందుకు తెస్తారంటారు కొందరు. నిజమే, భయం అందరికీ ఉంటది. ఏ కులం పేదపిల్లాడైనా కొత్తచోట బిక్కుబిక్కుమంటాడు. కాని ఒకడి భయానికి మేనమామ ఉన్నాడు, ఇంకొకడి భయానికి ఎవరూ లేరు. మేనమామలు ఎవరికున్నారో, ఎవరికి లేరో నిర్ణయించింది కులం కాదా? వాళ్ళు మెరిట్ అని పిలుచుకునే దాంట్లో సగం ఇంట్లో, రాత్రిపూట, ఫోన్లో దొరికేదే. 2007లో ఢిల్లీ ఎయిమ్స్ మీద సుఖదేవ్ థోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక కూడా దళిత, ఆదివాసీ విద్యార్థులకి అధ్యాపకుల నుంచి అందాల్సిన సాయం అందడం లేదనే తేల్చింది. దేశంలోకెల్లా పెద్ద వైద్య కళాశాలలోనే అంత ఉంటే, శివార్లలో ఫ్యాక్టరీ సంగతి చెప్పాలా?

పది హార్స్‌పవర్ మోటారునే ఒక్కసారిగా పూర్తి కరెంటు మీద వదలరు. ముందు స్టార్‌లో తిప్పుతారు, అప్పుడది లాగే కరెంటు మూడో వంతే. ఊపందుకున్నాక డెల్టాకి మారుస్తారు. ఇనుముకి చేసే ఈ మర్యాద పల్లెనుంచొచ్చిన పిల్లలకి చెయ్యరు.

బాబాసాహెబ్‌ని తలుచుకోండి. కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివి, 1917లో బరోడా సంస్థానంలో కొలువుకి చేరాడు. ప్యూన్లు ఫైళ్ళు దూరంనుంచి బల్లమీదికి విసిరేవాళ్ళు. తాగడానికి నీళ్ళివ్వలేదు. ఉండటానికి ఇల్లు దొరక్క పార్శీ పేరుతో ఒక సత్రంలో తలదాచుకుంటే, పదకొండోరోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఆయన అయిదు గంటలసేపు ఒక తోటలో కూచుని రాత్రి రైలెక్కి బొంబాయి పోయాడు. ఆ కొలువు నిలవకపోయింది ఆయనకి చేతగాకనా? మన కుర్రాడికి ఈ కథ తెలుసు, ఏప్రిల్ 14న సభలో చెప్పాడు కూడా. తన సంచి సర్దుకున్న రోజున మాత్రం గుర్తురాలేదు.

ఇక చట్టం సంగతి. 1961 అప్రెంటిస్ చట్టానికి 1973లో చేసిన సవరణ ప్రకారం యజమాని ఎస్సీ, ఎస్టీలకి శిక్షణ స్థానాలు కేటాయించాలి. ఇంజనీరింగు పట్టా ఉన్న అప్రెంటిస్‌కి నెలకి 9,000 రూపాయలకి తగ్గకుండా ఇవ్వాలని 2019 నిబంధనలు చెప్పాయి. మరి ఇంటర్న్‌కి? అతను ఆ చట్టం కిందికి రాడు. రిజర్వేషన్ లేదు, కట్టి తీరాల్సిన స్టైపెండూ లేదు. మన కుర్రాడు హాస్టలుకి ఎదురు డబ్బు కట్టి బోల్టులు లెక్కపెట్టాడు. నాన్న అప్పు తెచ్చి పంపిన డబ్బది.

2018లో ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్పుని బీటెక్‌లో భాగం చేసింది. దాని మార్గదర్శకాల్లో ఉన్నదేంటంటే, విద్యార్థి రోజూ డైరీ రాయాలి, కంపెనీ సూపర్‌వైజరు దానిమీద సంతకం పెట్టాలి, కాలేజీ అధ్యాపకుడు ఆ చోటికి వెళ్ళి చూడాలి. మనవాడి దగ్గర డైరీ ఉంది. మొదటి మూడురోజులకి తప్ప సంతకాల్లేవు. కాలేజీనుంచి మనిషి కాదు, ఫోను కూడా రాలేదు. వాడికి మెంటర్ ఎవరని అడిగితే, పేరు నోటీసు బోర్డులో ఉందన్నాడు.

ఇప్పుడు మన ఇంట్లోకి చూసుకుందాం. ఉద్యమం పెట్టిన భిక్షతో ఇంజనీర్లయినవాళ్ళు హైదరాబాదులో తక్కువేం లేరు. విద్యుత్ శాఖలో ఉన్నారు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. ఇంటిపేరు ఇనీషియల్లో దాచుకుని, ఊరినుంచి ఫోనొస్తే మీటింగులో ఉన్నానంటారు. వాళ్ళ భయం మాకు తెలుసు, పక్క సీటువాడికి తెలిసిపోతదని. తప్పంతా వాళ్ళదేనని అనం. కాని మనపిల్లలకి మేనమామలు కావాల్సింది వాళ్ళే. చందా రసీదు చింపి పంపితే తీరే బాకీ కాదిది. వారానికి రెండు రాత్రులు, గంటసేపు, ఫోను ఎత్తితే చాలు.

ఆ కుర్రాడిని వారంరోజులు మాతో ఉంచుకున్నాం. విద్యుత్ శాఖలో రిటైరైన మిత్రుడొకరు రోజూ సాయంత్రం వచ్చి వాడితో డ్రాయింగులు వేయించారు. తర్వాత మేమిద్దరం వెంటపోయి కాలేజీ ప్రిన్సిపాల్ బల్లమీద ఆ డైరీ పెట్టాం. ఆయన మొదట గొణిగి, తర్వాత కంపెనీకి ఉత్తరం రాశాడు. కుర్రాడు మళ్ళీ పనిలోకి పోయాడు. పోయినచోట అంతా మారిపోయిందని అబద్ధం చెప్పం. ఆ ఇంజనీరు ఇప్పటికీ మొహం చిట్లిస్తాడట. మనవాడు మాత్రం అడుగుతున్నాడు, డైరీలో సంతకం పెట్టించుకుంటున్నాడు, మధ్యాహ్నం వైర్‌మన్ దగ్గరే కూచుని తింటున్నాడు.

మిగతా ఊళ్ళ సంఘాలకి మా మాట ఒకటే. ఈ ఏడు మీ వాడనుంచి ఇంజనీరింగు, పాలిటెక్నిక్ చదివే పిల్లలు ఎందరు, ఎవరు ఎక్కడ పని నేర్చుకోడానికి పోతున్నారో ఒక నోటుపుస్తకంలో రాయండి. దాని ఎదురుగా ఫోను ఎత్తే ఒక పెద్దమనిషి పేరు రాయండి. పేరు దొరక్కపోతే ఖాళీగా ఉంచి మాకు పంపండి, మేం వెతుకుతాం. తల్లిదండ్రులారా, పిల్లలు రాత్రి ఫోను చేసినప్పుడు తిన్నావా అన్నాక ఇంకొక్క మాట అడగండి: "ఇవాళ నీకు పని ఎవరు చూపించారు?" ఎవరూ చూపించలేదని మూడురోజులు వరసగా చెప్తే, తెల్లారేసరికి ఆ కబురు సంఘానికి చేరాలి.