కామెంట్ల లెక్కలో మన హాస్టల్ ఎక్కడ?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ సార్ కబురు చేసినప్పుడు మొదట హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాం. నీళ్ల చారు, నల్లా దగ్గర క్యూ, స్టడీ అవర్‌లో కునికిపాట్లు... ఇవన్నీ ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి మా పీజీ ప్రాజెక్టు గురించి, అందులో మాకు తగిలిన దెబ్బ గురించి రాస్తున్నాం. మేమంటే ఈ హాస్టల్లో పదో తరగతి దాకా పక్కపక్కన ట్రంకు పెట్టెలు పెట్టుకుని చదివిన ఇద్దరం. ఇప్పుడు ఒకే యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నాం. మా ఇద్దరి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చింది మేమే మొదలు.

రాజకీయ వార్తల మీద ఆన్‌లైన్‌లో జనం ఏమనుకుంటున్నారో లెక్కగట్టడం మా ప్రాజెక్టు. దీన్నే సోషల్ మీడియా అనలిటిక్స్ అంటున్నారు. పేరు పెద్దదే గానీ పని అర్థం కానిదేమీ కాదు. ఒక వార్తకు సంబంధించిన కొన్ని మాటలు ఎంచుకుని, ఆ మాటలున్న పోస్టులు, కామెంట్లు పోగుచేస్తారు. ఏ రోజు ఎన్ని వచ్చాయో, ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో, ఎవరు ఎవరికి జవాబిచ్చారో లెక్కిస్తారు. ఒక్కో కామెంటుకు అనుకూలం, వ్యతిరేకం, తటస్థం అని సాఫ్ట్‌వేర్ చేత ముద్ర వేయిస్తారు. చివరకు రంగురంగుల గ్రాఫు వస్తుంది. పార్టీలకు, చానళ్లకు ఈనాడు ఆ గ్రాఫు మీద ఉన్న నమ్మకం ఊళ్లో రచ్చబండ మీద లేదు.

మేము తీసుకున్న వార్త మన ఇంటి వార్తే. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్లు, గురుకులాల డైట్ చార్జీలను 40 శాతం, కాస్మెటిక్ చార్జీలను 200 శాతం పెంచింది. ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్లకు నెలకు 1,100 రూపాయలున్న డైట్ చార్జీ 1,540 అయ్యింది. అంటే ఒక్కో విద్యార్థికి రోజుకు 37 రూపాయల లోపు ఉన్నది 51 రూపాయలు దాటింది. మూడు పూటల తిండికి ఆ మొత్తం చాలునా అన్నది వేరే వ్యాసం. దాని గురించి జనం ఏమన్నారన్నదే మా ప్రశ్న.

పోగుచేయడంలోనే తిప్పలు మొదలయ్యాయి. ట్విట్టర్ 2023లో తన సమాచారాన్ని పరిశోధకులకు ఉచితంగా ఇవ్వడం మానేసింది. స్కాలర్‌షిప్ మీద బతికేవాళ్లం దాన్ని కొనలేం. ఫేస్‌బుక్ పోస్టులను గమనించేందుకు ఉన్న క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని 2024 ఆగస్టులో మూసేశారు. వాట్సాప్‌లో పంపినవారు, అందుకున్నవారు తప్ప ఎవరూ చదవలేరు. అది మంచిదే, కానీ మన ఊళ్లలో రాజకీయం నడిచేది అక్కడే. చివరకు మాకు మిగిలింది యూట్యూబ్. న్యూస్ చానళ్ల వీడియోల కింది కామెంట్లు తీసుకున్నాం.

ఇక మన తెలుగు ఆ సాఫ్ట్‌వేర్‌ను పెట్టిన ముప్పుతిప్పలు చూడాలి. హాస్టల్లో, హాస్టళ్లకు, హాస్టలోళ్లు అన్నవి దానికి వేర్వేరు మాటలు. సగం మంది తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు, అందులో ఒకరి స్పెల్లింగు ఒకరికి ఉండదు. "అబ్బో, మహా ఉద్ధరించారు" అని ఒకాయన వెక్కిరిస్తే దాన్ని అనుకూలంలో వేసింది. "ఇంకా పెంచాలి" అన్న కామెంటును వ్యతిరేకంలో వేసింది. చార్జీలు, పెంపు అనగానే బస్సు చార్జీల పెంపు లాంటి చెడ్డ కబురే అనుకుంది కాబోలు. ఒకే వాక్యం, అదే అచ్చుతప్పుతో సహా, వేర్వేరు పేర్లతో వీడియో తరువాత వీడియో కింద కనబడింది. అది జనాభిప్రాయం ఎలా అవుతుందో మీరే చెప్పండి.

అప్పుడు సాఫ్ట్‌వేర్‌ను పక్కనబెట్టి రాత్రుళ్లు కూర్చుని కామెంట్లన్నీ మేమే చదివాం. చదివిన కొద్దీ మనసు పాడైంది. ఒక పార్టీని ఇంకో పార్టీ తిట్టడం, దానికి ఎదురు తిట్టడం. మధ్యలో "మా పన్నుల డబ్బుతో మేపుతున్నారు" అనే మహానుభావులు. హాస్టల్లో ఉండి ఆ తిండి తింటున్న పిల్లవాడు రాసిన కామెంటు మాత్రం ఒక్కటీ మాకు కనబడలేదు. ఎలా కనబడుతుంది? వాళ్ల దగ్గర ఫోను ఉండదు. ఎవరి కంచం గురించి ఇంత గోల జరిగిందో వాళ్లే ఆ గోలలో లేరు.

ఆ వార్త వచ్చిన రోజు మాలో ఒకరికి ఇంటి నుంచి ఫోను వచ్చింది. కూలి నుంచి వస్తూ అమ్మ హోటల్ దగ్గర టీవీ చూసిందట. "చార్జీలు పెంచిన్రంట గద బిడ్డా, తమ్మునికి మనం గట్టాల్నా?" అని అడిగింది. తమ్ముడు అప్పుడు హాస్టల్లో ఎనిమిదో తరగతి. మనం కట్టేది కాదమ్మా, సర్కారు ఇచ్చేదే పెరిగిందని చెబితే "అట్లనా, నా పానం పోయినంత పనైంది" అన్నది. ఆ రోజు ఆ వార్త మీద నడిచిన అసలు చర్చ అదేనని మా నమ్మకం. ఆ తల్లిది బటన్ ఫోను. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు 26.5 శాతం, పురుషుల్లో 57.9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మహిళలు 21 శాతమే. ఆ తరువాత ఈ అంకెలు పెరిగి ఉంటాయి, కాదనము. కానీ ఫోను చేతికి రావడం వేరు, నలుగురిలో కామెంటు పెట్టే ధైర్యం రావడం వేరు. పేరు చూసి కులం అడిగే చోట మనవాళ్లు ఎందుకు నోరు విప్పుతారు?

ఇది మన దేశపు లోటు మాత్రమే అనుకోకండి. జర్మనీలో 2009 ఎన్నికల తరువాత కొందరు పరిశోధకులు లక్షకు పైగా ట్వీట్లు లెక్కగట్టి, ఏ పార్టీ పేరు ఎంతగా వినబడిందో ఓట్లూ దాదాపు అదే నిష్పత్తిలో పడ్డాయని 2010లో ప్రకటించారు. ఎంతో పేరొచ్చింది. 2012లో వేరే పరిశోధకులు ఆ లెక్కను మళ్లీ చేశారు. మొదటివాళ్లు పెద్ద పార్టీలనే తీసుకుని, పైరేట్ పార్టీ అనే ఒక చిన్న పార్టీని వదిలేశారు. ఇంటర్నెట్ కుర్రకారు పార్టీ అది. దాన్ని కూడా కలిపితే ట్వీట్లలో గెలిచింది అదే! దానికి నిజంగా వచ్చిన ఓట్లు 2 శాతం. మా ప్రాజెక్టుకు ముందే ఈ కథ చదివి ఉంటే మాకు నాలుగు నెలలు మిగిలేవి.

మరి అందరినీ ఆ లెక్కలోకి తెస్తే సరిపోతుందా అని మేమూ వాదించుకున్నాం. ఇక్కడ మా ఇద్దరికీ కొంత తేడా ఉంది. ఒకరి మాట, మనవాళ్లు ఎంతమంది ఆన్‌లైన్‌లో మాట్లాడితే అంత మంచిదని. 2016 జనవరిలో రోహిత్ వేముల మరణం తరువాత ఆ పేరు దేశమంతా తెలియడంలో సోషల్ మీడియా పాత్రను ఎవరు కాదనగలరు? రెండవవారి మాట, లెక్కించేది ఎవరో కూడా చూడాలని. 2018లో కేంద్ర సమాచార ప్రసార శాఖ సోషల్ మీడియా కమ్యూనికేషన్ హబ్ పేరుతో జిల్లా జిల్లాలో జనం ఆన్‌లైన్ మాటలను గమనించే ఏర్పాటుకు టెండరు పిలిపించింది. అప్పుడు పశ్చిమ బెంగాల్ ఎమ్మెల్యేగా ఉన్న మహువా మొయిత్రా సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇది నిఘా రాజ్యం లాంటిదని కోర్టు వ్యాఖ్యానించింది. ఆగస్టులో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. అన్నం బాగాలేదని ఫొటో పెట్టిన పిల్లవాడు గ్రాఫులో ఒక చుక్కగా మిగిలిపోడు. ఆ చుక్క మీద వేలు పెడితే వాడి పేరు, ఊరు, హాస్టల్ అన్నీ వస్తాయి. ఆ తరువాత వాడిని ఆఫీసు గదికి పిలిచేది ఎవరు? ఈ వాదన మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు.

ఒక్క విషయంలో మాత్రం మాది ఒకే మాట. ఈ గ్రాఫులు వేసేవాళ్లు ఎన్ని కామెంట్లు చదివారో చెప్పినంత పెద్ద అక్షరాలతో ఎవరి మాటలు అందలేదో కూడా రాయాలి. "జనం ఏమంటున్నారంటే" అని మొదలుపెట్టే చానళ్లు "యూట్యూబ్‌లో కామెంటు పెట్టినవారు ఏమంటున్నారంటే" అని చెప్పాలి. హాస్టల్ తిండి గురించి నిర్ణయించే అధికారి గ్రాఫు చూసే ముందు మెస్ హాల్లో కూర్చుని ఒక పూట తినాలి. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ విద్య నేర్చుకోవాలి కూడా. హాస్టలోళ్లు అన్న మాట ఎందులోంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్‌కు నేర్పగలిగేది మనమే కదా.

ప్రాజెక్టు ఇచ్చేముందు ఒక ఆదివారం మేము ఇక్కడికి వచ్చిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, పేర్లు రాయొద్దని చెప్పి, చార్జీలు పెరిగాక కంచంలో ఏం మారిందో రాయమన్నాం. ఒకరు గుడ్డు గురించి రాశారు, ఒకరు అరటిపండు గురించి. ఒకరు ఏమీ రాయకుండా కంచం బొమ్మ గీసి సగం నింపారు. ఆ కాగితాలన్నీ ప్రాజెక్టు చివర కుట్టి ఇచ్చాం. వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు గ్రాఫులు తిరగేసి, ఆ కంచం బొమ్మ దగ్గర ఆగి, "దీన్ని ఎందులో వేశారు, అనుకూలమా, వ్యతిరేకమా?" అని అడిగారు. ఇంకా వేయలేదు సార్, ఆ అబ్బాయిని మళ్లీ కలవాలన్నాం.

వార్షికోత్సవానికి వస్తున్నాం. ఆ బొమ్మ గీసింది ఎవరో వచ్చి మా పక్కన కూర్చో తమ్ముడూ, కలిసి తిందాం.