తీర్పుతో తీరని బాధ్యత

రైల్వే ఉద్యోగాల మూలంగా తెలుగు కుటుంబాలకు పరిచితమైన బిలాస్‌పూర్‌లోనే ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కొలువై ఉంది. ఆ న్యాయస్థానం 2025లో వెలువరించిన ఒక తీర్పు పోలీసు హింసపై దేశమంతా ఆలోచించదగినది. పొరుగునున్న జాంజ్‌గీర్-చాంపా జిల్లాలో 2016లో ముల్ముల పోలీసులు, విద్యుత్ ఉపకేంద్రం వద్ద గొడవ చేశాడన్న ఫిర్యాదుపై ఒక దళితుని అదుపులోకి తీసుకున్నారు. అతడు వారి నిర్బంధంలోనే మరణించాడు. నలుగురు పోలీసులకు కింది కోర్టు విధించిన యావజ్జీవ శిక్షను హైకోర్టు పదేళ్ల కఠిన కారాగారవాసంగా మార్చింది. చంపాలన్న ఉద్దేశం రుజువు కాలేదని, అయితే ఆ దెబ్బలకు ప్రాణం పోగలదన్న ఎరుక వారికి ఉన్నదని భావించింది.

శిక్ష తగ్గింపుపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. అరెస్టు సమయంలో జరిపిన వైద్యపరీక్షలో గాయాలు లేకపోవడం, శవపరీక్షలో 26 గాయాలు బయటపడటం ఇక్కడ గమనార్హం. ఈ రెండు కాగితాలూ లేకుంటే నిజం లాకప్ గోడల మధ్యనే సమాధి అయ్యేది.

ఆదేశాలకు మన దేశంలో కొదవ లేదు. అరెస్టు పత్రం, బంధువులకు సమాచారం, 48 గంటలకోసారి వైద్యపరీక్ష తప్పనిసరి అని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే నిర్దేశించింది. పోలీసులపై ఫిర్యాదుల విచారణకు ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఏర్పరచాలని 2006లో, ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు అమర్చాలని 2020లో ఆదేశించింది. అవి ఎక్కడ అమలవుతున్నాయో, ఎక్కడ ఎందుకు విఫలమవుతున్నాయో శోధించేవారికే కొదవ. జాతీయ నేర నమోదు సంస్థ రాష్ట్రాలవారీగా ప్రకటించే మరణాల సంఖ్యలు ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పవు.

గణితశాస్త్రం బోధించిన కె. బాలగోపాల్ 2009లో కన్నుమూసేవరకు ఈ పని చేశారు. లాకప్ మరణాలు, ఎన్‌కౌంటర్లు జరిగినచోటికి వెళ్లి, పోలీసుల కథనాన్ని సాక్ష్యాలతో సరిపోల్చారు. అటువంటి పరిశోధన వ్యక్తుల త్యాగంపైనే ఆధారపడటం శోచనీయం. విశ్వవిద్యాలయాలు దానికి జీవనోపాధి కల్పించాలి. స్టేషన్ రికార్డులను ప్రభుత్వాలు పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి. రోగమేదో తెలియనిదే మందు పనిచేయదు.

తొమ్మిదేళ్లకు వచ్చిన తీర్పు దోషులను శిక్షించగలదు గాని, పోయిన ప్రాణాన్ని తేలేదు. తరువాతి ప్రాణాన్ని కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వాలదే.